దళవాయి గారి లోచొక్కా

మూట 1

ఈ పుస్తకం కోట వాళ్ళు ఇచ్చారు. మూట వచ్చినప్పుడల్లా ఏ గుడ్డలు వచ్చాయి, ఏ మరకలు ఉన్నాయి, వాటిని ఏం చేశాం అన్నది రాసి పెట్టాలట. మా ఇంట్లో రాయడం వచ్చినది నాకొక్కదానికే. అయిదో తరగతి దాకా చదివాను. ముందు పేజీల నుంచి కోట కోసం రాస్తాను. వెనక పేజీల నుంచి రాసేది నా కోసం.

మూట తెచ్చినది హవల్దారు కామేశం గారు. మాట మధ్యలో ఆగి, ఏదో పారేసుకున్నట్టు అటూ ఇటూ చూసే మనిషి. కోటలో ఉతికే యంత్రాలు ఉన్నాయి కానీ ఇందులో ఒక గుడ్డకి అవి పనికిరావట. చేత్తో ఉతికే ఇల్లు దిబ్బపాలెంలో మాదొక్కటే మిగిలింది. సముద్రం కింది ఊరిని మింగేశాక చాకిరేవు వాళ్ళందరూ తలో దారి పట్టారు. మేం కొండెక్కి, మంచును పట్టే వలల నుంచి కారే నీళ్ళు తొట్టిలో పట్టుకొని, అదే రేవు అనుకుంటున్నాం. ఇక్కడ వాన కురిసి ఆరేళ్ళయింది.

మూటలో రెండు కోట్లు, మూడు ప్యాంట్లు, ఒక లోచొక్కా. అన్నీ దళవాయి గారివి.

దళవాయి అంటే సేనాపతి. ఆయన అసలు కల్నల్ రుద్రమూర్తి గారు. ఎనిమిది నెలల కిందట ఒక్క ఉదయంలో కోట పట్టుకొని దేశాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆ ఉదయం మేం దుప్పట్లు ఆరేస్తుంటే కోట వైపు నుంచి నాలుగు తుపాకీ చప్పుళ్ళు వినిపించాయి. మధ్యాహ్నానికి ఇంటింటి పలుకుగోడ మీదా ఆయన ముఖం వచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే వస్తుంది. ముందు "మాట్లాడండి" అంటారు. తరువాత ఆ రోజు ఎవరేం చెయ్యాలో చెబుతారు. ఎనిమిది రోజులకొకసారి మాత్రం గోడ నల్లగా ఉండిపోతుంది. అది మౌనదినం. మర్నాడు ఆయన "మాట్లాడండి" అనేదాకా దేశంలో ఎవరూ వీధిలో నోరు విప్పకూడదు. తలుపులు వేసుకొని గుసగుసలాడుకుంటాం.

ఇవాళ మౌనదినం. అందుకని హవల్దారు గారు లోపలికి వచ్చి, తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగారు.

"నీ భర్త పేరేంటమ్మా? రాసుకోవాలి."

మాలో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో నేనెప్పుడూ పలకలేదు. మా అత్త నీళ్ళ దగ్గర ఉంది. తల దించుకొని నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి, "రేవు మనిషి" అని రాసుకొని వెళ్ళిపోయారు.

మా ఆయన వచ్చాక విని నవ్వాడు. "నా పేరు పలికితే నోట్లో పుండేస్తాదేటే?"

లోచొక్కా బూడిదరంగుది. గుడ్డలో వెంట్రుకంత సన్నని తీగలు అల్లి ఉన్నాయి. తడిస్తే పసిబిడ్డంత బరువు. ఎడమ పక్కటెముక దగ్గర రూపాయంత చిల్లు, దాన్ని నల్లదారంతో రఫ్ఫు చేశారు. చుట్టూ అరచేతి వెడల్పున గోధుమరంగు మరక. దానితో పాటు ఒక కాగితం. చదివి వినిపించాను. చన్నీళ్ళే వాడాలి. బండకేసి కొట్టకూడదు. బానలో ఉడకబెట్టకూడదు. జీడిగింజ రసంతో చాకలి గుర్తు పెట్టకూడదు. ఎవరూ తొడుక్కోకూడదు. చిల్లు దగ్గరి మరకను ముట్టుకోవద్దు. పొద్దుగూకే లోపల తిరిగి ఇచ్చెయ్యాలి.

మా అత్త చిల్లులో వేలు పెట్టి చూసింది.

"ఒలే రత్తీ, ఈ సిల్లు పడ్డోడు నెగిసి నిలబడ్డాడంటే నాను నమ్మను."

"బాగుసేసుకునుంటారే అమ్మా, కోటలో డాక్టర్లుండరేటి?" అన్నాడు మా ఆయన.

మూట 2

లోచొక్కా ఒక్కటే చెమటతో వచ్చింది. కోట్లు మడత నలగలేదు. పోయినసారి మెడపట్టీ చుట్ట పొగాకు వాసన వేసింది. ఈసారి కొబ్బరినూనె. పోయినసారి మనిషికి కుడి చంకలో చెమట ఎక్కువ. ఈసారి వీపంతా. మెడపట్టీ చూస్తే గుడ్డ ఎవరిదో మాకు తెలిసిపోతుంది. ఇది ఒక మనిషి తొడిగిన చొక్కా కాదు.

"కోటలో మడిసికో సొక్కా నేదేటి?" అంది అత్త.

మూట 3

మళ్ళీ కొత్త వాసన. మందుల వాసన కలిసిన చెమట. గోడ మీద ముఖం మాత్రం అదే. కుడి కనుబొమ మీద గాటు కూడా అదే.

మూట 4

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం మా పెదమావ కూతురి పెళ్ళి. మౌనదినాన పెళ్ళికి అనుమతి తేలిగ్గా దొరుకుతుంది. డోలు ఉండదు, సన్నాయి ఉండదు, పంతులు పెదవులు కదుపుతాడు. పందిట్లో అరవై మంది చేతులూపుకుంటూ కూర్చుంటారు.

మా ఆయనకి ఉన్న ఒక్క మంచి చొక్కా భుజం దగ్గర చిరిగింది. తాడు మీద దళవాయి గారి లోచొక్కా ఆరిపోయి ఉంది. రేవు వాళ్ళు ఊళ్ళో వాళ్ళ గుడ్డలు కట్టుకొని పెళ్ళిళ్ళకి వెళ్ళడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. తొడుక్కోవద్దని అన్ని ఇళ్ళ వాళ్ళూ అంటారు. మేం తల ఊపుతాం. సాయంత్రానికి మళ్ళీ ఉతికి ఇచ్చేస్తాం. గుడ్డకి ఏమవుతుంది?

"కట్టుకో మావా, నీకు బాగుంటాది," అన్నది నేనే. గుండీలు పెట్టినది కూడా నేనే.

వీధి చివరిదాకా నాతోనే నడిచాడు. అక్కడ నడక మారింది. మా ఆయన పాదాలు బయటికి పెట్టి నడుస్తాడు, బండ ముందు నిలబడి నిలబడి. ఇప్పుడు తిన్నగా, ఒకదాని ముందొకటి పెట్టి నడిచాడు. పందిట్లోకి వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు. కుడి చెయ్యి భుజం దాకా ఎత్తాడు. కూర్చున్న అరవై మందీ లేచి నిలబడ్డారు. ఎవరు చెప్పారని లేచారో వాళ్ళకే తెలియదు. తొంభై ఏళ్ళ మా పెదతాత కూడా లేచాడు.

"మాట్లాడండి," అన్నాడు.

గోడలోంచి వచ్చే గొంతు అది. మా ఆయనకి అంత లోతు గొంతు లేదు.

తరువాత అందరూ మాట్లాడారు. ఒకేసారి, పెద్దగా, ఏది పడితే అది. పక్క వీధి వాళ్ళు మౌనం ఎత్తేశారనుకొని మొదలుపెట్టారు. వాళ్ళని విని కింది వీధి. అరగంటలో దిబ్బపాలెం అంతా మౌనదినాన అరుస్తోంది. మా ఆయన మధ్యలో నిలబడి చూస్తున్నాడు. నేను చెయ్యి పట్టుకుంటే, ఎవరో తెలియని ఆడదాన్ని చూసినట్టు చూశాడు.

అత్తా నేనూ కలిసి ఇంటికి లాక్కొచ్చి చొక్కా విప్పేశాం. విప్పగానే కూలబడ్డాడు. నీళ్ళు తాగాక అడిగాను, ఏమైందని.

"బాగుందే," అన్నాడు. "లోపల ఎవడో నిలబడ్డాడు. నాను పక్కకి జరిగి కూకున్నాను. ఏ పనీ నేదు. బలే సుకంగా ఉంది."

మూట 4, మర్నాడు

హవల్దారు గారు వచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. టేపు తీసి మా ఆయన భుజాలు కొలిచారు.

"అందరి మీదా కూర్చోదు ఈ చొక్కా. కూర్చున్నా ఎవడూ మూడు మూటలు దాటలేదు. నీ మీద ఒక్క నిమిషంలో కూర్చుంది. కోట వాళ్ళు నిన్ను తీసుకురమ్మన్నారు."

"మరి దళవాయి బాబేడీ?" అని అడిగేసింది మా అత్త.

హవల్దారు గారు అరుగు మీద కూర్చున్నారు. దాచకుండా చెప్పేశారు. ఆ ఉదయం పేలిన నాలుగు తూటాల్లో ఒకటి దళవాయి గారికే తగిలింది. కోట చేతికి వచ్చిన గంటకే పోయారు. ఆ చొక్కా యుద్ధం కోసం అల్లినది. సేనాపతి పడిపోతే పక్కవాడు తొడుక్కొని సైన్యాన్ని నడపాలి. అందుకని తొడిగినవాడి నడక, గొంతు, ఆలోచన అన్నీ అది పట్టుకుంటుంది. ఆయన నెత్తురుతో పాటు ఆయన మొత్తం అందులోకి దిగిపోయారు. పక్కవాడు తొడుక్కున్నాడు. గోడ ఎవరికైనా ఆయన ముఖమే తగిలిస్తుంది. ఎనిమిది రోజులకొకసారి చొక్కా ఉతక్కపోతే కంపు కొడుతుంది. ఆ రోజు మాట్లాడేవాడు ఉండడు. అదే మౌనదినం.

"నేనూ తొడుక్కున్నాను, పదహారు రోజులు," అన్నారు. "నాకొక కూతురు ఉంది. పేరు..." ఆగి, మా గోడకేసి, తాడుకేసి చూశారు. "నా భార్యని అడగాలి."

"ఇవన్నీ మాకు సెప్పేత్తన్నావు, బయం నేదా బాబూ?"

"మరచిపోయే మనిషికి దాచడం రాదమ్మా."

మా ఆయన చెప్పులు వేసుకున్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను. ఒక్క మాట అనాలి. ఆపాలి. నోరు రాలేదు. అతను వెనక్కి తిరిగి, "ఆ పెద్ద దుప్పటి ఒక్కద్దానివీ పిండకు, నడుం పోతాది," అని వెళ్ళిపోయాడు.

మూట 5

మెడపట్టీ మా ఆయనది. గుడ్డలకి పట్టించే చౌడు వాసన, దాని కింద అతని వాసన. చొక్కాని ముఖానికి పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. అత్త చూసి చూడనట్టు వెళ్ళిపోయింది.

ఈ ఎనిమిది రోజులూ గోడ ముందే కూర్చున్నాను. ముఖమూ గొంతూ దళవాయి గారివే. కానీ ఒక్కో మాట ముగిసిన చోట "హుస్" అని ఊపిరి వదులుతున్నారు. తడి గుడ్డ ఎత్తి బండకేసి కొట్టేటప్పుడు రేవు వాళ్ళు వదిలే ఊపిరి అది. పట్టుకెళ్ళవలసిన వాళ్ళ పేర్లు చదువుతున్నారు. పేరు, హుస్. పేరు, హుస్.

"నా కొడుకు ఊపిరే," అంది అత్త. "నోరు మాత్రం ఆడిది కాదు."

మూడు మూటలు దాటితే అతను కూడా హవల్దారు గారిలాగ అయిపోతాడు. నాకు తెలిసినదల్లా ఉతకడం. నెత్తుటి మరకకి వేడినీళ్ళు తగిలితే గట్టిపడుతుంది. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టి, వేలితో అంచు నుంచి లోపలికి రుద్దితే కొంచెం కొంచెంగా వదులుతుంది. ఎంత పాతదైనా సరే. దళవాయి ఉన్నది ఆ మరకలోనే అయితే, అదీ వదులుతుంది.

ముందు పేజీలో రాశాను: చన్నీళ్ళతో ఉతికాం. మరక ముట్టుకోలేదు.

మరక అంచు ఒక గోరంత తగ్గింది.

మూట 6

ఇంకో రెండు గోళ్ళంత తగ్గించాను. ఉప్పునీళ్ళు గోధుమరంగులోకి తిరిగాయి. ఆ నీళ్ళు ఎక్కడ పోయాలో తెలియలేదు. మా తొట్టి నీళ్ళు ఒక్క బొట్టు పారబొయ్యం, మళ్ళీ వడకట్టుకుంటాం. ఇవి మాత్రం కొండ అంచుకి తీసుకెళ్ళి సముద్రంలోకి వంచేశాను.

నిన్న గోడ మీద దళవాయి గారు పేర్లు చదవబోయి మూడో పేరు దగ్గర ఆగిపోయారు. కాగితం తిరగేసి చూసుకున్నారు. నిన్న ఇద్దరినే పట్టుకెళ్ళారు.

మూట 7

చొక్కా వదులైంది. మెడపట్టీ వెనక భాగం మాత్రమే మాసింది. అంటే మెడ సన్నబడింది, తిండి తినడం లేదు. మరక సగం పోయింది.

ఈ వారం పేర్లు అసలు చదవలేదు. వీధిలో జనం ముఖాలు తేటపడ్డాయి. పక్కింటి గౌరీశు గారు తలుపు తెరిచి పెట్టి పళ్ళు తోముకున్నారు. ఇదంతా నా చేతి పని అని మొదటిసారి కొంచెం గర్వపడ్డాను.

మూట 7, అయిదో రోజు

ఇవాళ పొద్దున గోడ మీద దళవాయి గారు చేతిలో కాగితం పక్కన పెట్టేశారు. తరువాత అన్నారు: "తెల్లవీ రంగువీ కలపకండి. వేరు చెయ్యండి. హుస్."

నేను నవ్వేశాను. రోజూ పొద్దున మూట విప్పగానే మా ఆయన అనే మాటే అది. అత్త కూడా నవ్వింది.

పది గంటలకి సిపాయిలు వచ్చారు. సంతలో తెల్లబట్టల వాళ్ళని ఒక పక్కకి, రంగుబట్టల వాళ్ళని ఒక పక్కకి నిలబెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి తెల్లబట్టల వాళ్ళని లారీల్లో ఎక్కించి కొండకి అవతలి పక్కకి తీసుకెళ్ళారు. గౌరీశు గారిది తెల్ల పంచె. వాళ్ళావిడది పచ్చ చీర. ఆవిడ లారీ వెనక కొంత దూరం నడిచి, ఆగిపోయింది.

మా అత్త విధవరాలు, తెల్లచీరే కడుతుంది. సిపాయిలు మా వీధిలోకి వచ్చే లోపల చీర విప్పించి నీలిమందు తొట్టిలో ముంచేశాను. తడి చీరే కట్టుకొని గుమ్మంలో నిలబడింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"నీ మొగుడు ఉతకమంటే ఈళ్ళు మడుసుల్ని ఉతుకుతున్నారే గుంటా," అంది.

గర్వపడినందుకు సిగ్గేసింది.

మూట 8

మరక తియ్యడం ఆపేద్దామా అనుకున్నాను. ఆపితే మనుషుల్ని వేరు చెయ్యమనే మాట మళ్ళీ రాదేమో, కానీ మా ఆయన మిగలడు. మూడు మూటలు దాటిపోయి ఇది నాలుగోది. ఉప్పు వేశాను. చివరి అంచు వదిలేదాకా రుద్దాను. ఎండలోకి పట్టి చూశాను. చిల్లు, నల్లదారం, బూడిదరంగు గుడ్డ. ఇంకేమీ లేదు.

పొద్దుగూకే ముందు హవల్దారు గారు వచ్చి చొక్కా విప్పి చూశారు. ఆ చోట బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచారు.

"నేను చూడలేదమ్మా," అన్నారు. "చూసినా మరచిపోతాను."

మూట 8, మూడో రోజు

మా ఆయన్ని తీసుకొచ్చారు. ఇద్దరు సిపాయిలు అరుగు మీద కూర్చోబెట్టారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అన్నం కలిపి పెడితే మింగుతాడు. పిలిస్తే చూడడు. అత్త చెంప మీద కొట్టి, మళ్ళీ అదే చెంప నిమిరింది.

"చొక్కాలోకి దిగిపోయాడు," అన్నారు హవల్దారు గారు. "అక్కడ ఖాళీ అయింది కదా. ఖాళీ ఉన్న చోటికి మనిషి జారిపోతాడు. కొత్తవాడికి తొడిగారు."

ఖాళీ చేసినది నేను.

పెద్ద దుప్పటి తడిపి ఒక కొస అతని చేతిలో పెట్టాను. దుప్పటి పిండడానికి ఇద్దరు ఉండాలి, ఒకరు కుడికి తిప్పితే ఇంకొకరు ఎడమకి. రెండేళ్ళు రోజూ చేసిన పని. కొస అతని వేళ్ళలోంచి జారి మట్టిలో పడింది.

మూట 8, ఆరో రోజు

ఇవాళ గోడ మీద, దేశమంతా చూస్తుండగా, దళవాయి గారు పైకి చూసి అన్నారు: "తాడు మీద గుడ్డలు తీసీవే. వానొచ్చేలాగుంది."

మా ఆయన మాట, మా ఆయన యాస. నాతో అన్న మాట. అరుగు మీద అతని శరీరం ఈగ వాలినా కదలకుండా కూర్చుని ఉంది.

నేను బయటికి పరుగెత్తాను. కొండ పొడుగునా ప్రతి ఇంటి తాడూ ఖాళీగా ఉంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. జనం తడి గుడ్డలు చేతుల్లో పట్టుకొని గుమ్మాల్లో నిలబడి పైకి చూస్తున్నారు. చీకటి పడేదాకా అలాగే ఉన్నారు.

మూట 9

చొక్కా వచ్చింది. ఎవరో తెలియని మనిషి చెమట, దాని కింద చౌడు వాసన. చన్నీళ్ళలో ఒక్కసారి ముంచి తీశాను. రుద్దడానికి భయమేసింది.

"ఏటి సూత్తావు?" అంది అత్త. "అది నా కొడుకు సొక్కా. నా కొడుక్కి తొడుగు."

తొడిగాను. గుండీలు నేనే పెట్టాను, ఆ రోజులాగే.

కళ్ళు కదిలాయి. పాదాలు బయటికి తిరిగాయి. నా వైపు చూశాడు.

"వాన రాలేదేటే?"

నేను ఏడ్చాను. అత్త అన్నం వండింది. మూడుసార్లు పెట్టించుకు తిన్నాడు. కోట గురించి అడిగితే, "ఒకటే గది. కిటికీ నేదు. అందరూ నిలబడే ఉంటారు," అన్నాడు. అంతకన్నా చెప్పలేదు.

పొద్దుగూకే ముందు హవల్దారు గారు వచ్చారు. అరుగు మీద చొక్కా తొడుక్కొని కూర్చున్న మనిషిని చూసి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టారు. ఆ చొక్కా ఎవరి మీద ఉంటే వాళ్ళే దళవాయి. కోట నేర్చినది అంతే.

మా ఆయన నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. "ఎల్లిపో బాబూ," అన్నాడు మెల్లగా.

హవల్దారు గారు వెళ్ళిపోయారు. మళ్ళీ రమ్మని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మౌనం, 4వ రోజు

గోడ నల్లగానే ఉంది. "మాట్లాడండి" అనేవాడు మా ఇంట్లో ఉన్నాడు. కాబట్టి ఎవరూ మాట్లాడడం లేదు. సంతలో బేరాలు వేళ్ళతో సాగుతున్నాయి. పసిబిడ్డ ఏడిస్తే తల్లి నోరు మూస్తోంది. హవల్దారు గారు వీధి చివర రాయి మీద కూర్చుని ఉన్నారు. అన్నం తీసుకెళ్ళి పెట్టాను. తిని దండం పెట్టారు.

మా ఆయన నాతో పాటు రేవు దగ్గర పని చేస్తున్నాడు. బండకేసి కొడుతుంటే కొండంతా ఆ చప్పుడొక్కటే. హుస్. హుస్. సంతోషంగా ఉంది. ఆ మాట రాయడానికి కూడా భయంగా ఉంది.

మౌనం, 11వ రోజు

"సొక్కా కంపు కొడతంది," అన్నాడు అతనే.

ఉతికితే అతను పోతాడేమో. ఉతక్కుండా ఎన్నాళ్ళు? "రేపు చూద్దాం," అన్నాను. ఒకరి గుడ్డ రేపు ఉతుకుదాం అన్నది నా జన్మలో అదే మొదటిసారి.

మౌనం, 17వ రోజు

జిడ్డుమరక అయినా, నెత్తుటిమరక అయినా, పైన పోయినంత మాత్రాన పోయినట్టు కాదని మా అమ్మ చెప్పేది. దారం కడుపులో దాక్కొని, వొంటి వేడి తగిలినప్పుడు మళ్ళీ పైకి వస్తుంది.

ఇవాళ అతనికి అన్నం పెడుతుంటే నల్లదారం చుట్టూ గోధుమరంగు గీత కనబడింది. ఉంగరమంత. పొరబడ్డానేమో అని వంగి, వేలు పెట్టబోయాను.

"ఆ మరకను ముట్టుకోవద్దు."

లోతు గొంతు. అతని చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. నేను లేచి నిలబడ్డాను. పక్కన మా అత్త కూడా లేచి నిలబడింది. కన్నకొడుకు ముందు.

తరువాత ముద్ద నోట్లో పెట్టుకొని, "ఏటి నిలబడ్డారు? కూకోండి," అన్నాడు.

మౌనం, 18వ రోజు

పొద్దున రేవు దగ్గర అతను అతనిలాగే ఉన్నప్పుడు అడిగాను.

"సొక్కా ఇప్పు మావా. ఉతుకుతాను."

బండకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి పై గుండీ దాకా వెళ్ళి ఆగింది. దవడ బిగిసింది. లోపల ఇద్దరు ఒక గుమ్మంలో ఇరుక్కున్నట్టు ఉంది అతని ముఖం. నేను కదల్లేదు.

"మాసిన గుడ్డ కట్టుకొని రేవులో కూకుంటే మా నాన్న నవ్విపోడేటి," అన్నాడు. ఒక్కో గుండీ తనే విప్పాడు. చొక్కా నా చేతిలో పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు. కళ్ళు ఖాళీ అయిపోయాయి.

ఉప్పునీళ్ళలో ముంచాను. మరక మీద వేలు పెట్టి రుద్దుతూ లెక్క వేసుకున్నాను. రుద్దిన ప్రతిసారీ దళవాయీ కొంచెం పోతాడు, మా ఆయనా కొంచెం పోతాడు. ముందు ఎవరు అయిపోతారు? కళ్ళు మసకబారాయి. చెయ్యి మాత్రం ఆగలేదు. అలవాటు కొద్దీ రుద్ది, ఎత్తి, పిండి, మళ్ళీ ముంచి...

హుస్.

చేతులు ఆగిపోయాయి. చొక్కా నా వేళ్ళ మధ్య ఉంది. ఊపిరి వెనక నుంచి వచ్చింది.

తిరిగి చూశాను. అతను ఎప్పట్లాగే కూర్చుని ఉన్నాడు. కళ్ళల్లో ఏమీ లేదు. నేను మెల్లగా గుడ్డ పైకెత్తి బండ మీద వేశాను. అతని పెదవుల మధ్య నుంచి, నా చేతికి సరిగ్గా తగినట్టు, మళ్ళీ వచ్చింది. హుస్. ఈ పద్దెనిమిది రోజులూ చొక్కా తొడుక్కొని పని చేసినది ఈ వొళ్ళే. వొళ్ళు తనకి కావలసినది తను దాచుకుంది. చొక్కా అడగలేదు, అది ఇవ్వలేదు.

మా రేవులో ఒకరి గుడ్డ పోగొట్టిన వాళ్ళు ఉన్నారు, చింపిన వాళ్ళు ఉన్నారు. కాల్చిన వాళ్ళు లేరు. నేను చొక్కాని గట్టిగా పిండాను. బాన కింద పొయ్యిలో పెట్టాను. తడి గుడ్డ ముందు పొగ వేసింది. తరువాత తీగలు పచ్చగా, నీలంగా మండాయి. మనిషి గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. అత్త నా భుజం పట్టుకుంది. వీధి చివర హవల్దారు గారు రాయి మీద నుంచి లేచి నిలబడ్డారు. రాలేదు.

బూడిద అయ్యేదాకా చూశాను. తరువాత పెద్ద దుప్పటి తడిపి, ఒక కొస నేను పట్టుకొని, రెండో కొస అతని ముందు చాపాను. అతను చూడలేదు.

గోడ నల్లగా ఉంది. వీధంతా నిశ్శబ్దం. ఇంటింటి గుమ్మంలోనూ మనుషులు ఉన్నారు. "మాట్లాడండి" అనడానికి ఇక దేశంలో ఎవరూ లేరు.

"గవర్రాజూ!" అని పిలిచాను.

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. కొండకి తగిలి తిరిగి వచ్చింది. పచ్చ చీర ఆవిడ గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మళ్ళీ పిలిచాను.

అతని చెయ్యి లేచింది. దుప్పటి కొస పట్టుకుంది. నేను కుడికి తిప్పాను. కాసేపు ఏమీ కాలేదు.

తరువాత అతను ఎడమకి తిప్పాడు. నీళ్ళు కారాయి.

పైవీధిలో ఎవరో దగ్గారు. పచ్చ చీర ఆవిడ చెయ్యి తీసేసి, కొండకి అవతలి పక్కకి తిరిగి, తన మొగుడి పేరు పెట్టి గట్టిగా పిలవడం మొదలుపెట్టింది.